దేశమంతా ఒక్క మాటేనట! మా గేరిని ఎవరడిగారు?

యుద్ధం కావాలా వద్దా అని మనల్ని ఏ సర్కారూ అడగదు. మొదలుపెట్టినాక మాత్రం "దేశమంతా ఒక్క మాట మీద ఉంది" అని పేపర్లలో అచ్చేస్తారు, టీవీల్లో అరుస్తారు. ఆ ఒక్క మాటలో సి.బెళగల్ మాదిగ గేరి కూడా ఉందట. గుండ్రేవుల మాలవాడ కూడా ఉందట. గుడి కాడ, హోటల్ కాడ, పొలం పంచే కాడ లెక్కలోకి రాని మనం యుద్ధం కాడికొచ్చేసరికి దేశంలో లెక్కైపోతాం!

2025 జూన్ 22న అమెరికా విమానాలు ఇరాన్‌లోని ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద బాంబులేశాయి. ఇట్లాంటి సంగతులు రాద్దామంటే మన పెద్దలు ఒక ప్రశ్న వేస్తారు. "యాడనో ఇరాను, యాడనో అమెరికా. మన భూమి సంగతి రాయండి నాయనా, ఉపాధి పని కూలి సంగతి రాయండి. ఆ గొడవ మనకేల?" న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పే బాధ్యత మా మీద ఉంది.

ఆదోని నుంచే మొదలుపెడదాం. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాలకీ దక్షిణాది రాష్ట్రాలకీ యుద్ధం జరిగింది. దక్షిణాదిలో పత్తి తోటలు, ఆ తోటల్లో నల్ల బానిసలు. ఆ పత్తి ఇంగ్లండు మిల్లులకు పోయేది. ఉత్తరాది ఓడలు దక్షిణాది రేవుల్ని దిగ్బంధం చేసేసరికి పత్తి ఆగింది. మాంచెస్టర్ మిల్లులు మన దేశం మీద పడ్డాయి. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. ఆ నల్లరేగడి పత్తికి ధర కొన్ని రెట్లు పెరిగింది. షావుకార్లు పిలిచి మరీ అప్పులిచ్చారు. 1865లో యుద్ధం ముగిసింది, అమెరికా పత్తి మళ్లీ ఓడలెక్కింది, ఇక్కడ ధర కూలింది. అప్పు మాత్రం కూలలేదు. పదేళ్లు తిరిగేసరికి 1876-78 ధాత కరువు వచ్చింది. వాన లేకపోవడం ఒక కారణం, గింజ కొనే శక్తి లేకపోవడం ఇంకో కారణం. 1871 జనాభా లెక్కకీ 1881 లెక్కకీ మధ్య కర్నూలు జిల్లాలో నాలుగో వంతు జనం తగ్గిపోయారు. ముందుగా పోయినోళ్లు భూమి లేని కూలోళ్లే అని వేరే చెప్పనక్కర లేదు.

అయినా ఆ యుద్ధాన్ని మేం తిట్టం. ఆ యుద్ధంతోనే అక్కడ బానిసత్వం పోయింది. లక్షా 80 వేల మంది నల్లవాళ్లు ఉత్తరాది సైన్యంలో చేరి తమ సంకెళ్లు తామే తెంచుకోవడానికి పోరాడారు. యుద్ధం అనగానే అన్నిటినీ ఒకే గాట కట్టే శాంతి పాఠాలు మాకు నచ్చవు. ఎవరి యుద్ధం, ఎవరి కోసం, ఎవరి చేత అని విడదీసి చూడాలి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ని ఆక్రమించింది. కువైట్‌లో కడప, గోదావరి జిల్లాల మనోళ్లు చాలామంది ఉన్నారు. ఇండ్లలో వంట చేసేవాళ్లు, కార్లు తోలేవాళ్లు, మేస్త్రీ పని చేసేవాళ్లు. దాదాపు లక్షా 70 వేల మంది భారతీయుల్ని జోర్డాన్ దేశపు అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు. రెండేళ్ల జీతం యజమాని దగ్గర వదిలేసి, పెట్టె కూడా లేకుండా దిగినోళ్లు వాళ్లలో ఎందరో. చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగింది. అప్పటికే అప్పుల్లో ఉన్న ఖజానా ఖాళీ అయింది. 1991లో దేశం తన బంగారం 47 టన్నులు ఇంగ్లండు, జపాన్ బ్యాంకుల దగ్గర కుదువ పెట్టింది. మనింట్లో పుస్తె తాకట్టు పెట్టినట్టే! ఐఎంఎఫ్ దగ్గర అప్పు తెచ్చారు, వాళ్లు చెప్పిన షరతులు ఒప్పుకున్నారు. ఆ ఏడాది జూలై బడ్జెట్‌లో ఎరువుల ధర నూటికి 40 పెంచి, గోల లేస్తే 30కి దించారు. బాంబు బాగ్దాద్‌లో పడింది, బస్తా ధర ఎమ్మిగనూరులో పెరిగింది.

తుపాకీ పేలకుండా జరిగే యుద్ధం ఇంకోటుంది. రష్యా దగ్గర చమురు కొంటున్నారన్న సాకు కూడా కలిపి 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద అమెరికా 50 శాతం సుంకం వేసింది. దానికి వారం ముందే, ఆగస్టు 19న, మన కేంద్ర ప్రభుత్వం విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఆదోని మార్కెట్ యార్డుకు మన పత్తి వచ్చే కాలం సరిగ్గా అదే. బట్టల మిల్లుల్ని ఆదుకోవడానికి అన్నారు. మిల్లులకు కష్టమొస్తే సుంకం పోతుంది. పత్తి తీసే ఆడకూలికి కష్టమొస్తే ఏం పోతుందో మనకు తెలుసు.

ఆ గొడవ మనకేల అన్నదానికి ఇది సగం జవాబు. మిగతా సగం కడుపు గురించి కాదు, మన పేరు గురించి. మన పేరు వాడుకుని యుద్ధానికి ఎట్ల ఒప్పిస్తారో చూడాలి.

ఏ దాడికైనా ముందు ఒక కథ పుడుతుంది. ఈ సంగతి మనకంటే బాగా ఎవరికీ తెలియదు. 1991లో చుండూరులో ఏం జరిగింది? సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ఒక అగ్రకులస్థుడికి తగిలింది. అక్కడి నుంచి కథ మొదలైంది. వాడల కుర్రాళ్లకు పొగరెక్కింది, ఆడపిల్లల్ని అల్లరి చేస్తున్నారు, ఆడవాళ్ల మానం కాపాడాలి అని ఊరూరా తిప్పారు. ఆగస్టు 6న 8 మందిని నరికి చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. కథ ముందు, కత్తి తర్వాత. కథ లేకుండా కత్తి లేస్తే హత్య అంటారు. కథ ఉంటే "ప్రజల ఆగ్రహం" అంటారు.

అదే ఏడాది మొదట్లో ఇరాక్ మీద బాంబుల వాన కురిసింది. దానికి ముందూ ఒక కథ ఉంది. 1990 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల ముందు 15 ఏళ్ల కువైట్ పిల్లను కూర్చోబెట్టారు. ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో పసిగుడ్డుల్ని అద్దాల పెట్టెల్లోంచి తీసి నేల మీద పడేస్తే చూశానని ఆ పిల్ల ఏడుస్తూ చెప్పింది. అధ్యక్షుడు పెద్ద బుష్ ఆ కథను మళ్లీ మళ్లీ చెప్పాడు. యుద్ధం అయిపోయాక 1992లో తెలిసింది, ఆ పిల్ల అమెరికాలో కువైట్ రాయబారి కూతురని. ఆ సాక్ష్యం వెనక ఉన్నది హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార కంపెనీ. కువైట్ పక్షాన అమెరికా జనాన్ని యుద్ధానికి ఒప్పించడానికి ఆ కంపెనీ డబ్బు తీసుకుంది. పసిగుడ్డుల కథకు ఆధారం దొరకలేదు. 1991 ఫిబ్రవరి 13న బాగ్దాద్ ఆమిరియాలో జనం తలదాచుకున్న ఆశ్రయం మీద అమెరికా బాంబులు పడి 400 మందికి పైగా కాలిపోయారు. అది కథ కాదు. కానీ దాని మీద కంపెనీ పెట్టి ప్రచారం చేసేవాళ్లెవరూ లేరు.

సద్దాం హుస్సేన్ మంచోడని మేం అనడం లేదు. 1988లో హలబ్జాలో కుర్దుల మీద విషవాయువు వదిలి వేల మందిని చంపించినోడు. ఆ రోజుల్లో వాడు అమెరికాకు దగ్గరోడు, అందుకే అప్పుడు ఎవరికీ కోపం రాలేదు. మా ఊరి పటేలు దుర్మార్గుడే. దానికని పక్క ఊరి రెడ్డి వచ్చి, పటేలును శిక్షిస్తానని మా గుడిసెలు తగలబెట్టి, చివరికి మా బావి తన పేర రాయించుకుంటే వాడికి దండం పెట్టాలా?

2003 సంగతి ఇంకా విడ్డూరం. ఇరాక్ దగ్గర సామూహిక మారణాయుధాలున్నాయని ప్రపంచానికి చెప్పాలి. చెప్పే పని చిన్న బుష్ ఎవరికిచ్చాడు? విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్‌కు. ఆయన నల్లజాతి మనిషి, సైన్యంలో పైకొచ్చినోడు, జనంలో మంచి పేరున్నోడు. ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితిలో చిన్న సీసా చేత్తో పట్టుకుని మరీ చెప్పాడు. ఆ ఆయుధాలు తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. ఆ ప్రసంగం తన పేరుకు మచ్చ అని 2005లో ఆయనే ఒప్పుకున్నాడు.

మన ఊర్లలో చాటింపు ఎవరు వేసేవాళ్లు? మాట రెడ్డిదో కరణానిదో, తప్పెట మాదిగోడిది. పన్ను కట్టమని, వెట్టికి రమ్మని, రేపు ఫలానా పని బందని మన వీధిలో మనోడి నోటితోనే చాటించేవాళ్లు. విన్నోళ్లకు కోపమొస్తే తప్పెట కొట్టినోడి మీదే వచ్చేది. పావెల్ చేత వేయించింది ఆ చాటింపే. మన మంత్రులు, మన ఎమ్మెల్యేలు, రిజర్వుడు సీట్లో గెలిచిన మన పెద్దమనుషులు ఈ ముక్క రెండుసార్లు చదువుకుంటే బాగుంటుంది.

ఆ చాటింపుకు జనం లొంగారా? లొంగారు. కానీ అందరూ కాదు, అసలు కిటుకు అక్కడే ఉంది. 2003 మార్చిలో యుద్ధం మొదలైనప్పుడు అమెరికన్లలో నూటికి 70 మందికి పైగా సరేనన్నారని సర్వేలు చెప్పాయి. "దేశం బుష్ వెంట" అని రాశారు. అదే సర్వేని రంగు ప్రకారం విడదీస్తే ఇంకో దేశం బయటపడింది. తెల్లవాళ్లలో నాలుగింట మూడు వంతులకు పైగా యుద్ధానికి సై అన్నారు. నల్లవాళ్లలో మూడింట ఒక వంతు కూడా సై అనలేదు. పావెల్ నల్లవాడైనా నల్లవాడలు ఆయన మాట వినలేదు! యుద్ధానికి పోయేది ఎవరి పిల్లోడో వాళ్లకు తెలుసు.

తెలియడానికి వియత్నాం పాఠం ఉంది. 1966లో అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా లక్ష మంది పథకం అని ఒకటి పెట్టాడు. అంతకుముందు పరీక్షల్లో తక్కువ మార్కులొచ్చాయని సైన్యం వద్దన్న వాళ్లనే పిలిచి తీసుకోవడం ఆ పథకం. పేదోళ్లను పైకి తెస్తున్నాం, పని నేర్పుతున్నాం అన్నాడు. మూడు లక్షలకు పైగా చేరారు, వాళ్లలో నూటికి 40 మంది నల్లవాళ్లు. బడిలో పనికిరాని పిల్లోడు, ఆఫీసులో పనికిరాని పిల్లోడు అడవిలో తూటా ముందు నిలబడడానికి పనికొచ్చాడు. 1967 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ న్యూయార్క్ చర్చిలో నిలబడి వియత్నాం యుద్ధం తప్పని చెప్పాడు. మీ హక్కుల సంగతి మీరు చూసుకోండి, విదేశీ వ్యవహారాలు మీకెందుకు అని పెద్ద పత్రికలు ఆయన్ని గదమాయించాయి. "ఆ గొడవ మనకేల" అన్న మాటను అక్కడ పెద్దదొరల పేపర్లు అన్నాయి, గమనించండి. అదే నెల 28న ముహమ్మద్ అలీ సైన్యంలో చేరనని చెప్పాడు. బాక్సింగ్ పట్టం లాగేసుకున్నారు, అయిదేళ్ల జైలు శిక్ష వేశారు. 1971లో వాళ్ల సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. 1972లో బొంబాయి దళిత యువకులు తమ సంఘానికి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అమెరికా నల్లవాళ్ల బ్లాక్ పాంథర్స్‌ని చూసే. కాబట్టి మేం అమెరికాని తిడుతున్నాం అంటే ఏ అమెరికానో తెలుసుకోవాలి. బాబాసాహెబ్ 1913లో చదువుకు పోయింది కూడా అమెరికా కొలంబియా యూనివర్సిటీకే. 2003 ఫిబ్రవరి 15న యుద్ధం వద్దని లండన్, రోమ్‌తో పాటు న్యూయార్క్ వీధుల్లో కూడా లక్షల మంది నడిచారు.

మన చరిత్రా అంతకంటే వేరు కాదు. బ్రిటీషోడికి అవసరమైనప్పుడు మహార్లు సిపాయిలు. 1892 నాటికి మీరు యుద్ధవీరుల జాతి కాదని తలుపు మూశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో మహార్ల దళం లేపాడు, యుద్ధం అయిపోయాక 1921లో రద్దు చేశాడు. అంబేడ్కర్ పట్టుపట్టి 1941లో మహార్ రెజిమెంట్ సాధించాడు. 1943లో పెట్టిన చమార్ రెజిమెంట్‌ని 1946లోనే మూసేశారు. సైన్యంలో చేరడం బాబాసాహెబ్‌కు తప్పుగా కనిపించలేదు. హిట్లర్ గెలిస్తే అణగారినోళ్లకు బతుకే ఉండదని ఆయన ఆ యుద్ధాన్ని సమర్థించాడు. అదే మనిషి 1951 అక్టోబరులో నెహ్రూ మంత్రివర్గం వదిలినప్పుడు ఇచ్చిన ప్రకటనలో ఏం లెక్క చెప్పాడు? ఏటా వచ్చే 350 కోట్ల ఆదాయంలో 180 కోట్లు సైన్యానికే పోతోంది, మన విదేశాంగ విధానం వల్లే ఈ బరువు అని లెక్క చూపించాడు. హిందూ కోడ్ బిల్లు గురించే రాజీనామా చేశాడని అందరూ చెప్తారు. ఈ లెక్క సంగతి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అసలు మనదేశం సంగతి. 1991 జనవరిలో చంద్రశేఖర్ ప్రభుత్వం అమెరికా మిలిటరీ విమానాలు మన విమానాశ్రయాల్లో దిగి చమురు పోసుకోవడానికి అనుమతిచ్చింది. జనాన్ని అడగలేదు, పార్లమెంటును అడగలేదు. సంగతి బయటపడి గోల లేచాక ఫిబ్రవరిలో ఆపాల్సి వచ్చింది. 2003లో ఇంకా పెద్ద కోరిక వచ్చింది. బాగ్దాద్ పడిపోయింది, ఇక కాపలాకు మనుషులు కావాలి. సుమారు 17 వేల మంది భారత సైనికుల్ని పంపండి, ఉత్తర ఇరాక్ చూసుకోండి అని అమెరికా అడిగింది. మేస్త్రి ఊర్లోకొచ్చి ఇన్ని జతలు కావాలని అడిగినట్టుంది కదూ!

ఢిల్లీలో నోరూరిన పెద్దలు ఉన్నారు. పంపితే అమెరికాతో స్నేహం గట్టిపడుతుంది, కాంట్రాక్టులొస్తాయి, పెద్ద దేశాల పంక్తిలో కూర్చోవచ్చు అని పేపర్లలో వ్యాసాలు రాశారు. రాసినోళ్లలో ఎవరి కొడుకైనా జవానుగా పోయేవాడున్నాడా అంటే మాకైతే అనుమానమే. అంతకుముందు ఏప్రిల్లో పార్లమెంటు ఆ యుద్ధం మీద ఒక తీర్మానం చేసింది. ఆ తీర్మానంలో ఏ మాట వాడాలన్న దాని మీద రోజులు గడిచాయి. ఖండిస్తున్నాం అనాలని ప్రతిపక్షాలు, అంత గట్టి మాట వద్దని సర్కారు. చివరికి హిందీలో నింద అని రాసి, ఇంగ్లీషులో మెత్తటి మాట రాశారు. ఇంట్లో ఒక మాట, దొర ముందు ఒక మాట. మనకు అలవాటైన విద్యే, ఢిల్లీకి కూడా వచ్చని తెలియడం కొంత ఊరట.

అయినా ఆ తీర్మానం పనికొచ్చింది. ఇంట్లో అన్న మాటకు కట్టుబడాల్సి వచ్చింది. వామపక్షాలు, కాంగ్రెస్, ముస్లిం సంఘాలు, మాజీ సైనికాధికారులు కొందరు వద్దన్నారు. ఊర్లలో కూడా ఎవరి యుద్ధానికో మన పిల్లలెందుకు చావాలన్న మాట పుట్టింది. తర్వాతి ఏడాది ఎన్నికలున్నాయి, శవపేటికలు దిగితే ఓట్లు రావని వాజ్‌పేయికి తెలియంది కాదు. 2003 జూలై 14న ఐక్యరాజ్యసమితి ఆదేశం లేనిదే సైన్యాన్ని పంపం అని చెప్పేశారు. పెత్తందారు పిలిచినా పోకుండా ఉండొచ్చు, పోకపోతే ఆకాశం విరిగి పడదు అని ఆ రోజు తేలింది. దీన్ని మన పిల్లలకు చెప్పాలి. ఢిల్లీ సర్కారుకు జనం భయం ఉన్నంత కాలమే అది అమెరికాకు కాదని చెప్పగలదు.

సైన్యం పోలేదు. కూలోళ్లు పోయారు. సైన్యం గురించి పార్లమెంటు మాట్లాడింది, కూలోళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. కువైట్‌లో పని అని చెప్పి తీసుకుపోయి ఇరాక్‌లోని అమెరికా సైనిక శిబిరాల్లో వంటకూ ఊడ్పుకూ దించారని మన దేశపు కూలీలు ఆ రోజుల్లోనే మొరపెట్టుకున్నారు. అమెరికా కంపెనీ కింద కువైట్ కంపెనీ, దాని కింద ఏజెంటు, ఏజెంటు కింద ఊరి బ్రోకరు. సుగ్గికి పోయేవాళ్లకు ఈ గొలుసు విప్పి చెప్పాల్సిన పని లేదు. గుంటూరు మిరపతోటకు పోయేటప్పుడు రైతెవరో తెలియదు, అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రి ఒక్కడే తెలుసు. అక్కడా అంతే. 2004 ఆగస్టులో ఇరాక్‌లో 12 మంది నేపాలీ కూలీల్ని పట్టుకుని చంపారు. అదే ఏడాది ముగ్గురు మనదేశపు లారీ డ్రైవర్లు బందీలుగా చిక్కి, నెలకు పైగా నరకం చూసి బయటపడ్డారు. 2014లో మోసుల్‌లో 39 మంది భారతీయ కూలీల్ని ఇస్లామిక్ స్టేట్ ముఠా చంపింది. చాలామంది పంజాబ్ పల్లెల వాళ్లు. వాళ్లు చనిపోయారని ప్రభుత్వం ఒప్పుకుంది 2018 మార్చిలో. నాలుగేళ్లు ఆ ఇండ్లలో ఆడవాళ్లు బొట్టు పెట్టుకోవాలా తీసేయాలా తెలియక బతికారు. మోసుల్ ఎక్కడుంది? ఉత్తర ఇరాక్‌లో. 2003లో మన సైన్యాన్ని కాపలా కాయమన్న వైపే.

విదేశీ యుద్ధం సంగతి చెప్పి సొంత దేశం సంగతి దాటేస్తే అది పిరికితనం అవుతుంది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. ఆ దుఃఖం నిజం. చంపినోళ్లకు శిక్ష పడాలన్నదీ నిజం. మే 7 నుంచి 10 దాకా పాకిస్తాన్‌తో జరిగిన పోరులో మన టీవీలు ఏం చేశాయో గుర్తు చేసుకోండి. కరాచీ రేవు తగలబడిపోయిందన్నారు, ఫలానా నగరం మన చేతికొచ్చిందన్నారు. అందులో చాలా భాగం అబద్ధమని తర్వాత తేలింది. హోటల్లో టీవీ ముందు మన కుర్రాళ్లు కూడా ఈలలు వేశారు. 10వ తేదీ సాయంత్రం కాల్పులు ఆగాయని మనకు మొదట చెప్పిందెవరు? అమెరికా అధ్యక్షుడు ట్రంప్. తానే ఆపానన్నాడు, మన సర్కారు కాదంది. ఎవరి మాట నిజమో గానీ, ఒప్పుకునేటప్పుడు మనల్ని అడగలేదు, ఆపేటప్పుడూ మనకు చెప్పలేదు.

ఆ నాలుగు రోజుల్లో మన రాయలసీమ తండాలో పుట్టిన ఒక కుర్రాడు సరిహద్దులో చనిపోయాడు. అగ్నివీర్. తల్లిదండ్రులు బొంబాయిలో కూలి చేసుకుని పెంచిన కొడుకు. మంత్రులొచ్చారు, జెండా కప్పారు, దండలేశారు. ఆ తల్లి ముందు మాటలు చెప్పే అర్హత మాకు లేదు. కానీ ఆ పిల్లోడి ఉద్యోగం పేరేంటో అడిగే హక్కు ఉంది. 2022లో తెచ్చిన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్లకే కొలువు. నలుగురిలో ఒకరికి మించి ఉంచుకోరు, మిగతావాళ్లకు పింఛను లేదు. సైన్యంలో కూడా సుగ్గి పెట్టారు! ఆదోని, ఎమ్మిగనూరు వైపు మన పిల్లలు తెల్లవారుజామున రోడ్ల మీద పరుగెత్తి ప్రాక్టీసు చేస్తుంటే చూస్తున్నాం. దేశం మీద ప్రేమ ఉండొచ్చు, కాదనం. నీళ్లు లేని చేను మీద విసుగు కూడా ఉంది.

ఎర్రజెండా మిత్రులకూ ఒక మాట. బుష్ బొమ్మ తగలబెట్టారు, బాగుంది, మేమూ వచ్చి నిలబడ్డాం. ఊరేగింపు రెండు గ్లాసుల హోటల్ ముందు నుంచి పోయినప్పుడు మాత్రం మీ నినాదం గొంతులోనే ఆగింది. సామ్రాజ్యవాదం వాషింగ్టన్‌లో ఉంటుంది, కులం మీ ఇంటి వసారాలో ఉంటుంది. దూరంగా ఉన్న శత్రువును తిట్టడం తేలిక. మాకు రెంటితోనూ పని ఉంది.

కార్యకర్తలకు మేం చెప్పే పని చిన్నది. అమెరికా నల్లవాళ్ల మాట బయటికొచ్చింది ఎందుకంటే ఎవరో వాళ్లను విడిగా అడిగి లెక్క రాశారు. మన దేశంలో యుద్ధం మాట వచ్చినప్పుడు వాడల్ని విడిగా అడిగిన లెక్క మాకు ఎక్కడా కనిపించలేదు. సుగ్గికి పోయినోళ్లు ఉగాదికల్లా తిరిగొస్తారు. ఏప్రిల్ 14 సభలప్పుడు అందరూ ఊర్లోనే ఉంటారు. సి.బెళగల్, పోలకల్, గుండ్రేవుల నుంచి మొదలుపెట్టి గేరి గేరికీ ఒక నోట్‌బుక్కు పట్టుకుని తిరగండి. ఈ ఇంటి నుంచి సైన్యంలో ఎవరున్నారు, గల్ఫ్‌లో ఎవరున్నారు, ఏజెంటుకు ఎంత కట్టారు, కాగితాలు ఎవరి చేతిలో ఉన్నాయి, అగ్నివీర్‌కు పోయే పిల్లోడికి నాలుగేళ్ల తర్వాత ఏం చేయాలని ఉంది, యుద్ధం వస్తే కావాలంటారా వద్దంటారా, ఎందుకు. జవాబు మనకు నచ్చినా నచ్చకపోయినా చెప్పింది చెప్పినట్టు రాయండి. యుద్ధం కావాలి అన్నోళ్ల మాట కూడా రాయండి. ఆడవాళ్లను మగోళ్ల ముందు కాకుండా విడిగా అడగండి. ఎవరి పేర్లూ వద్దు, గేరి పేరు, ఇండ్ల లెక్క చాలు. గ్రామసభలో ఆ లెక్క చదివి మినిట్స్ పుస్తకంలో ఎక్కించమనండి, ఒక కాపీ మాకు పంపండి. వచ్చినవి వచ్చినట్టు అచ్చేస్తాం.